నా గొంతు విని నేనూ నవ్వాను

ఆ రోజు లాడ్ బజార్‌లో మా గాజుల దుకాణంలో కూర్చున్నాను. ఒకామె చేతికి గాజులు ఎక్కిస్తుంటే ఒకటి పగిలి నా అరచేతిలో గుచ్చుకుంది. "అరే బేటీ, ఖూన్ ఆ రహా! దర్ద్ నై హో రహా?" అని ఆమె కంగారుపడింది. కారుతున్న రక్తాన్ని చూస్తూనే ఉన్నాను. నొప్పి తెలియలేదు. చాలా రోజులుగా నాకు ఏదీ తెలియడం లేదని అప్పుడే అర్థమైంది.

ఇదంతా మొదలైంది అంతకుముందే, ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో. సెమినార్‌లో నేను మా ఇంటి యాసలో "లోడ్ ఎక్కువైతే ఫ్యూజ్ ఖతం" అన్నాను. ఎవరో రికార్డు చేసి, దానికి డప్పు చప్పుడు కలిపి, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కాలేజీ బస్సులో రోజూ అదే మోగేది. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని నేనూ నవ్వేదాన్ని. కొన్నాళ్లకు క్లాసులో నోరు విప్పడం మానేశాను. తర్వాత కాలేజీకే వెళ్లలేదు.

ఇంట్లో తలనొప్పి అని చెప్పాను. బాపు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. థైరాయిడ్, బీ ట్వెల్వ్, హీమోగ్లోబిన్ అన్నీ నార్మల్. అక్కడి నుంచి సైకియాట్రీకి పంపారు.

"చివరిసారి ఎప్పుడు ఏడ్చావమ్మా?" అని డాక్టరమ్మ అడిగారు.

గుర్తులేదన్నాను.

"ఇది డిప్రెషన్. బద్ధకం కాదు. టాబ్లెట్ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగున్నా నీ అంతట నువ్వు ఆపొద్దు."

ఆపేశాను. "గా గోలీలు అలవాటైతయి, పెండ్లికి లొల్లి అయితది" అని మేనత్త భయపెట్టింది. నెల తిరక్కుండానే మంచం దిగలేకపోయాను. అమ్మే తల దువ్వేది. ఆమె చేతులు కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపించేది.

మళ్లీ మందులు మొదలయ్యాయి. ఈసారి డాక్టరమ్మ కౌన్సెలర్ దగ్గరికీ పంపారు. ఆ కౌన్సెలర్ నా గొంతున్న ఆ క్లిప్ ఇంట్లో ఒకరికి వినిపించమన్నారు. బాపుకు వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"ఫ్యూజ్ ఎట్ల పోతదో నాకు గుడ సమజైంది బిడ్డా. గిండ్ల నవ్వెటందుకు ఏముంది?"

నాకు ఏడుపు రాలేదు. ఆ పూట మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

ఇప్పుడు ఒక సంవత్సరం వెనకబడి, జూనియర్లతో చదువుతున్నాను. డోసు తగ్గించారు. కొన్ని రోజులు ఇంకా ఏమీ అనిపించదు. ఆ రోజుల్లో కూడా కాలేజీకి వెళ్తున్నాను. అడిగితే జవాబు చెప్తున్నాను, నా మాటల్లోనే.

ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటే ఒక్కటే చెప్తాను. ఇంట్లో ఎవరైనా ఏమైందని అడిగితే తలనొప్పి అనకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. నేను చెప్పడానికి ఏడు నెలలు పట్టింది. వినడానికి బాపుకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.