బాబాయి చెరువు, రెండు గోలీసోడాలు

ఏలూరు కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని, భూమి ఎందుకు వేడెక్కుతోందో సొంతూళ్లో నాలుగు ముక్కలు చెప్పలేనా అనుకున్నాను. కొల్లేటి పక్కనున్న మా ఊళ్లో, పంచాయతీ ఆఫీసు వరండాలో తెరకట్టి రంగురంగుల గ్రాఫులు చూపించాను. చేపల రైతులు మర్యాదగా కూర్చున్నారు, మర్యాదగానే కునికారు.

చివర్లో మా నాన్న తమ్ముడు లేచి, "ఒక డిగ్రీ పెరిగితే ఏవైపోద్దమ్మా? ఫ్యాను ఇంకో పాయింటు పెంచుకుంటాం" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! కిందటి వేసవిలో ఆయన చెరువులో బొచ్చె చేపలన్నీ తెల్లారేసరికి చచ్చి తేలాయి. ఆక్సిజన్ అందలేదని ఆయనకూ తెలుసు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నా ఎందుకు అందలేదన్నది మాత్రం దిష్టి ఖాతాలో వేసి, గట్టు మీద గుమ్మడికాయ కొట్టించాడు. ఈ ఏడూ చేపపిల్లను అంతే ఒత్తుగా వదలబోతున్నాడు. ఈ పంటా పోతే చెరువు అమ్ముకోవడమే.

తరవాతి ఆదివారం మళ్లీ పిలిచాను. "గ్రాఫులుండవండీ, సోడాలిస్తానండీ" అంటే పరుగున వచ్చారు. ఒక గోలీసోడా చేపల ఐసుపెట్టెలో పెట్టాను. ఇంకోటి పొద్దుటినుంచీ ఎండలో ఉంచాను.

"బాబాయ్, మీరే కొట్టండి."

చల్లటిది బుద్ధిగా బుసబుసలాడింది. ఎండలోది కొట్టగానే నురగ ఎగదన్ని ఆయన గంజిచొక్కా తడిసి ముద్దయింది.

"నీళ్లు వేడెక్కితే లోపలున్న గ్యాసును పట్టి ఉంచలేవు బాబాయ్. మీ చెరువూ అంతే. మనం కాల్చే బొగ్గూ డీజిలూ వదిలే పొగ వేడిని పైకి పోనివ్వడం లేదు. రాత్రుళ్లు కూడా నీళ్లు చల్లారట్లేదు. మీ చేపలకి ఊపిరెక్కడిది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాబాయి మొహం తుడుచుకుని, "అయితే ఉన్న ఊపిరి చాలాలంటే చేపపిల్ల తగ్గించాలంటావ్" అన్నాడు. సగమే వదిలాడు.

ఆ వేసవి నిప్పులు చెరిగింది. ఏలూరులో ఎండ ముదిరిన ప్రతిరోజూ నా ప్రాణం ఆ చెరువు మీదే. వానలు పడే ముందు ఒక పొద్దున్నే ఫోనొచ్చింది. "అమ్మాయ్, ఒకసారి చెరువుకి రా" అని పెట్టేశాడు. చచ్చాంరా దేవుడా అనుకుంటూ మొదటి బస్సెక్కాను.

గట్టు నిండా జనం. గుంపును తోసుకుని వెళ్లి చూద్దునుగదా, వలలో బొచ్చెలూ శీలావతులూ ఎగిరెగిరి పడుతున్నాయి! ఒక్కొక్కటీ చంటిపిల్లంత ఉంది. గట్టు మీదే కూర్చుని హాయిగా ఏడ్చేశాను.

చేపల పట్టుబడి చూద్దామని కైకలూరు వైపు నుంచి వచ్చిన రైతుల ముందు బాబాయి నించుని ఉన్నాడు. పక్కన ఐసుపెట్టె, చేతిలో ఎండకి కాగిన సోడా. వాళ్లలో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన్ని ఏరికోరి ముందుకు పిలిచాడు.

"మా అమ్మాయి చెప్పిందండీ ఇదంతా. డిగ్రీ అంటే ఫ్యాను పాయింటు కాదండీ. ఇదిగో, మీరే కొట్టి చూడండి!"