టెంకాయ నిలబడిన చోటు

మా చిన్నబ్బ మామ నాస్తికుడైంది కళ్ళకు తువ్వాలు కట్టించుకున్న రోజున. ఆయన మా అమ్మకు తమ్ముడు. కాణిపాకం చుట్టుపక్కల ఊళ్ళలో బోరు వేయాలంటే ముందు ఆయన్ని పిలవాల్సిందే. పిలక ఉంచి పీచు ఒలిచిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని, చెప్పుల్లేకుండా చేనంతా నడిచేవాడు. నేల కింద నీళ్ళున్న చోట అది లేచి నిటారుగా నిలబడేది. అక్కడ పసుపునీళ్ళు చల్లి, గంగమ్మకు మొక్కి, బోరు బండిని పిలిచేవాళ్ళం. పాతికేళ్ళు ఆయన చూపిన చోటల్లా నేలకు తూట్లు పొడిచాం. మూడు వందల అడుగుల్లో ఉన్న నీళ్ళు వెయ్యికి దిగిపోయాయి. నీళ్ళు పడితే గంగమ్మ దయ, పడకపోతే మన ఖర్మ. మధ్యలో మనం చేసిందంటూ ఏమీ లేదు. ఎంత హాయి!

ఆయన కూతురు లోకేశ్వరి తిరుపతిలో డిగ్రీ చదివేది. సెలవుల్లో ఒకరోజు చేనిలో తండ్రి కళ్ళకు తువ్వాలు కట్టి, "నాయనా, ఇప్పుడు నడువు" అంది. ఒకే చేనిలో నాలుగుసార్లు నడిపించింది. టెంకాయ నాలుగుసార్లూ నాలుగు వేర్వేరు చోట్ల లేచింది. ఆ పిల్ల ఎగతాళి చేయలేదు. లేచిన చోటల్లా ఒక రాయి పెట్టి, తువ్వాలు విప్పి చూపించింది. ఆయన ఆ రాళ్ళను చూసి, తన అరచేతిని చూసుకుని, గట్టు మీద కూలబడి ఏడ్చాడట.

మర్నాటి నుంచి బోర్లు ఎండిన ప్రతి ఇంటికీ పోయాడు. "టెంకాయను లేపింది గంగమ్మ కాదప్పా, నా మణికట్టే. నాకే తెలీకుండా లేపినాను. తప్పు నాది" అని చెప్పాడు. పాపం, మెచ్చుకుంటారనుకున్నాడేమో. ఐదు బోర్లు వేసి, ఉన్న ఆవుల్నన్నీ అమ్ముకున్న సుబ్రమణ్యం ఆయన్ని కొట్టడానికి లేచాడు. "నా ఖర్మ అనుకోని నిద్రపోతా ఉండాను. ఇప్పుడొచ్చి నీ మణికట్టంటే నేనెట్ల నిద్రపోయేది?" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

నాస్తికుడయ్యాడు కాబట్టే గంగమ్మ వాడి చేయి వదిలేసిందని ఊరు తేల్చేసింది. మా నాయన మునిరామయ్య "కాణిపాకంలో ప్రమాణం చేసి సెప్పు, సూస్తాం" అన్నాడు.

"దేవుడు లేడనేదానికి దేవుడి ముందర ప్రమాణమేంది బావా?" అని నవ్వాడు చిన్నబ్బ.

మా నాయన మంటకు వేరే కారణం ఉంది. కొండ మీది వాననీళ్ళు ఊరి చెరువుకు చేరే కాలువ ఒకటుండేది. ఇరవై ఏళ్ళ కిందట మా నాయన దాన్ని పూడ్చి మామిడి చెట్లు పెట్టాడు. ఆయన్ని చూసి ఎగువన ఇంకో ఇద్దరు అదే పని చేశారు. చెరువు ఎండింది, ఆ వెనకే బావులూ బోర్లూ ఎండాయి. "నీళ్ళను దేవుడేమీ దాచిపెట్టలే బావా. కాలువను మనం పూడ్చినాము. మనమే తవ్వల్ల" అన్నాడు చిన్నబ్బ. ఎవరూ కదల్లేదు. ఒక్కడే పార పట్టుకుని రోజూ తవ్వేవాడు. మా చెట్ల దగ్గరికి రాగానే మా నాయన ఆ పార లాక్కున్నాడు. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను.

నాలుగేళ్ళకు తాగునీళ్ళ బోరు కూడా ఆగిపోయింది. ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో కొట్టుకున్నారు. అప్పుడు ఊరంతా, మా నాయనతో సహా, చిన్నబ్బ ఇంటికి పోయింది. "ఒక్కసారి టెంకాయ పట్టప్పా" అని బతిమాలారు.

"పట్టొద్దు. అబద్ధమని నువ్వే కదా ఇల్లిల్లూ తిరిగి సెప్పినావు?" అంది ఆయన భార్య సిద్ధమ్మ. ఆయన లోపలికి పోయి టెంకాయ తెచ్చాడు.

ఊరంతా వెనక నడిచింది. నేరుగా మా మామిడితోపుకు, పూడ్చిన కాలువ నడిమధ్యకు వచ్చి ఆగాడు. టెంకాయ నిలబడింది. ఈసారి తెలిసే లేపాడు. ఆ మణికట్టు తిరగడం పక్కనే ఉన్న నేను స్పష్టంగా చూశాను. "కాలువ తెరిస్తేనే వస్తానంటా ఉండాది గంగమ్మ" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

నాలుగేళ్ళు మొత్తుకున్నా కదలని ఊరు తొమ్మిది రోజుల్లో కాలువ తవ్వేసింది. గొడ్డలికి పసుపు పూసి మొదటి చెట్టు నరికింది మా నాయనే. ఆ కార్తీకంలో చెరువు నిండింది. కాళ్ళకు మొక్కబోయిన వాళ్ళతో చిన్నబ్బ, "ఆ పొద్దు నేను సెప్పింది అబద్ధం. నీళ్ళు తెచ్చింది మీ పారలు" అన్నాడు. ఆ మాట కూడా అమ్మవారే పలికిస్తోందని చెంపలు వేసుకున్నారు.

తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. టెంకాయ నిలబడిన చోటే గంగమ్మకు గుడి కట్టారు. కాలువ నడిమధ్య సిమెంటు దిమ్మె వేసి, గోడలు లేపి, ప్రదక్షిణలకు చుట్టూ మట్టి పోసి చదును చేశారు. నేనూ మట్టి మోశాను. పోయిన ఏడు కురిసిన వాన గుడికి కొట్టుకుని, పక్కకు మళ్ళి రోడ్డు పాలైంది. చెరువుకు చుక్క రాలేదు.

చిన్నబ్బ గడ్డపార తీసుకుని వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. దిమ్మె అంచున ఒక్క పోటు పొడిచాడో లేదో మా నాయన, సుబ్రమణ్యం, ఇంకో పదిమంది చుట్టుముట్టారు. "గుడి మీద చెయ్యేస్తావా, నాస్తికుడా!" అని మా నాయన ఆయన చొక్కా పట్టుకున్నాడు.

చిన్నబ్బ నా వైపు తిరిగాడు. "గుణా, ఆ పొద్దు నా మణికట్టును నువ్వు సూసినావు కదరా. సెప్పు వీళ్ళకు."

అందరూ నన్నే చూశారు. నాకు గంగమ్మంటే భయం లేదు. ఆ పదిమందంటే భయం వేసింది.

"టెంకాయ దానంతటదే లేసినాది మామా" అన్నాను.

ఆయన గడ్డపారను గుడి గోడకు ఆనించి ఇంటికి పోయాడు. మళ్ళీ వానలు వస్తున్నాయి. గడ్డపార అక్కడే ఉంది. తోపుకు పోతూ రోజూ దాని పక్క నుంచే నడుస్తున్నాను.