బాబాయిగారు ఎంచిన కార్డు

శ్రావణ మాసం, మొదటి మంగళవారం. ఆ రోజు నాకు ఎదురైన మొదటి ఆశ్చర్యం నిశ్శబ్దం. తెల్లవారగానే మోగే పక్కింటి టీవీ మోగలేదు. కాసేపటికి అమ్మ పెరటి గోడ దగ్గర్నుంచి వచ్చి, "బాబాయిగారు నిద్రలోనే పోయారంట" అంది.

ఆయన మాకు చుట్టం కాదు. తణుకు పక్కన మా ఊళ్ళో ఒకప్పుడు ఇంటింటికీ కేబుల్ వైరు లాగిన మనిషి. ఆ పని పోయాక పాత వీసీఆర్‌లు బాగుచేస్తూ కూర్చునేవారు. "ఇంకా వీసీఆర్ ఏంటండీ?" అని ఎవరైనా నవ్వితే, "నేనూ పాతేగా, నన్నేం చేస్తారు?" అని తనూ నవ్వేవారు.

మా తాతయ్య గొంతు ఒక్క వీడియో క్యాసెట్‌లోనే మిగిలింది. అత్త పెళ్లిలో వంటవాళ్ళ మీద కేకలేస్తుంటారు. చెమ్మ తగలకూడదని నాయనమ్మ దాన్ని ఏళ్ళ తరబడి బియ్యం డబ్బాలో దాచింది. బియ్యం పొడి లోపలికి పోయి టేపు పాడైంది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలని నేను హడావిడిగా ఒక టీవీ ట్యూనర్ కార్డు తెప్పించాను. అది మా కంప్యూటర్లో పట్టనే లేదు.

"గుమ్మం కొలవకుండా బీరువా కొన్నావేంటమ్మా?" అన్నారు బాబాయిగారు. కంప్యూటర్ మూత విప్పి, కార్డు దూరే గాడిని నాచేత కాగితం మీద గీయించారు. మీ ఇంట్లోనూ అలాంటి క్యాసెట్ ఉంటే ఆయన తర్వాత చెప్పింది పనికొస్తుంది.

"పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు పెట్టే కన్నాలున్నాయా చూడు. పసుపుది బొమ్మ, మిగతావి మాట. నీకు కావాల్సింది మాట. ఇంకోటి, మంచి క్యాసెట్ ఏ కార్డులోనైనా బాగానే కనబడుద్ది. మొండిదాన్ని పట్టుకెళ్ళి చూడాలి."

"అయితే తాతయ్య క్యాసెట్టే పట్టుకెళ్ళండి."

"వద్దు తల్లీ. అది ఇంకొక్కసారే తిరుగుద్దేమో."

ఆ సోమవారం వీసీఆర్‌ని సంచిలో పెట్టుకుని బస్సెక్కి రాజమండ్రి వెళ్ళారు. సాయంత్రం వచ్చి అరుగు మీదే కూలబడ్డారు. "దొరికింది. రేపు పొద్దున్న పెడదాం. నాయనమ్మగారికి చెప్పు."

ఆ రేపే మంగళవారం.

పదకొండు రోజులూ గడిచాయి. వచ్చేవాళ్ళకి కుర్చీలు వేస్తూ, కాఫీలు అందిస్తూ ఒళ్ళు బరువెక్కింది. ఏడుపు కూడా అలసిపోయింది. ఇవాళ సాయంత్రం పిన్నిగారు పిలిచి ఆ సంచి ఇచ్చారు. కార్డు పక్కన ఇంకో క్యాసెట్ ఉంది. టేపు తెగి బయటికి వేలాడుతోంది.

"మా పెళ్లిదేనమ్మా. ఇంట్లో ఇంతకన్నా మొండిది లేదని పట్టుకెళ్ళారు. మూడో కార్డు చూసేటప్పుడు తెగిందంట. నేను కోప్పడితే, 'నిన్ను రోజూ చూస్తూనే ఉన్నాగా, క్యాసెట్టెందుకే?' అన్నారు." ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు.

నేను ఇంటికొచ్చి చెప్తే నాయనమ్మ, "ముందు వాళ్ళది చూడు. మీ తాతయ్య ఇన్నాళ్ళు ఆగారు, ఇంకో పూట ఆగుతారు" అంది.

తెగిన టేపు అతకడం బాబాయిగారే నేర్పారు. అంచులు కలిసేదాకా ఊపిరి బిగబట్టమనేవారు. రేపు పొద్దున్న వెలుతురు రాగానే ముందు ఆ పని చేస్తాను. పిన్నిగారు ఇంకా గడప దాటకూడదు కాబట్టి, కంప్యూటర్‌నే వాళ్ళింటికి మోసుకెళ్తాను. ఆవిడ కూర్చున్నాక మూడు వైర్లూ పెడతాను. ఎరుపు, తెలుపు ముందు. పసుపు చివర్లో.