ఎల్లాజీ గారు చూడని సినిమా

మూడేళ్ల కిందటి మాట. నా సర్వీసులో అదే ఆఖరి శీతాకాలం. విశాఖపట్నంలో జరిగిన ఒక చిత్రోత్సవానికి నన్ను ప్రొజెక్షన్ ఇన్‌ఛార్జిగా వేశారు. ఆపరేటర్‌గా చేరి ఆ హోదాకు వచ్చినవాణ్ని. ఉత్సవ కార్యదర్శి గారు నాకు పైవారు. వేదిక ఆయనది, తెర నాది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు.

చివరి రోజు నటుడు ఎల్లాజీ గారికి సన్మానం, ఆ తరువాత ఆయన జీవితం మీద తీసిన సినిమా. జాలరిపేటలో పుట్టి, ఏళ్ల తరబడి విలన్ల పక్కన నిలబడి, ముసలితనంలో తాత వేషాలతో పేరు తెచ్చుకున్న మనిషి. అప్పటికే ఆరోగ్యం పాడై చక్రాల కుర్చీలో ఉన్నారు. మధ్యాహ్నం హాలు చూడ్డానికి వచ్చి నన్ను పిలిచారు.

"బాబూ, సినిమా బాగున్నాదో నేదో నాకక్కర్నేదు. మాయమ్మని సూడాల. సేపల గంపెత్తుకుని వన్‌టౌనంతా తిరిగేది. ఒక్క పొటో కూడా నేదు మాకాడ. ఆ డైరెట్రు బాబు ఒకావిడకి నాను సెప్పినట్టే ముస్తాబు సేయించి, నడిపించి తీసేడంట" అన్నారు. షూటింగు జరిగినన్నాళ్లూ ఆయన ఆస్పత్రిలోనే ఉన్నారు. ఒక్క సీనూ చూడలేదు.

ఇప్పుడు సినిమా రీళ్లలో రాదు, హార్డ్ డిస్కులో వస్తుంది. దానికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే ఫైలును మేము 'కీ' అంటాం. అది ఏ హాల్లో, ఎప్పటిదాకా పనిచేయాలో ల్యాబువాళ్లే నిర్ణయించి పంపుతారు. గడువులోగా ఆట మొదలైతే చివరిదాకా నడుస్తుంది. గడువు దాటితే మొదలే కాదు. విడుదల కాని సినిమా కావడంతో, దొంగ కాపీల భయంతో నిర్మాత ఆ రాత్రి ఎనిమిదికే గడువు పెట్టించాడు. ఆట ఆరింటికి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మన సభలు ఎప్పుడు మొదలవుతాయో తెలిసిన నాకు మాత్రం పొద్దుటినుంచీ గుబులుగానే ఉంది.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. జ్యోతి వెలిగించారు. ఉపన్యాసాలు, శాలువాలు, మళ్లీ శాలువాలు. నేను రెండుసార్లు కబురు పంపితే, ఇంకొక్కరే అని జవాబొచ్చింది. ఆ ఒక్కరూ ఎల్లాజీ గారే. సన్మానం అందుకున్నవారు చివర మాట్లాడడం మన ఆనవాయితీ.

ఆయన రెండు ముక్కలతో ముగించబోయారు. ఇంతలో బాల్కనీలోంచి పేటవాళ్లు, "ఎల్లాజీ బావా, ఆ డైలాగొకటి సెప్పు!" అని అరిచారు. చెప్పారు. ఈలలు మోగాయి. ఇంకొకటి అడిగారు. కుర్చీలోంచి లేవలేని మనిషికి ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో! నేను బూత్ దిగి వేదిక పక్కకు పరుగెత్తి వాచీ చూపించాను.

"ఆయన సన్మానంలో ఆయన మైకే లాక్కోమంటారా?" అన్నారు కార్యదర్శి గారు.

నేను మళ్లీ బూత్‌లోకి పరుగెత్తాను.

చివరికి ఎల్లాజీ గారే, "నన్ను సూసింది సాలు. ఇంక మాయమ్మని సూద్దాం" అని మైకు వదిలేశారు. దీపాలు ఆర్పాం. ఆపరేటరు మీట నొక్కాడు. గడువు ముగిసిందని మెషీను చూపించింది. ల్యాబు ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవాడు లేడు. నిర్మాత దొరికాడు గానీ, కొత్త కీ తెల్లవారితే గాని రాదన్నాడు. తెల్లవారితే హాలు వేరేవాళ్లది.

సంగతి చెప్పడానికి ఆయన దగ్గరికి నేనే వెళ్లాను. ఖాళీ తెరవైపు చూసి, "నానే ఎక్కువ మాటాడీసినాను" అన్నారు.

మరో రోజు వేద్దామన్నారు. ఆ రోజు కుదిరేలోపే ఆయన పోయారు. తరువాత జరిగిన ఉత్సవ సమీక్షా సమావేశంలో అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఈ మధ్య ఆ సినిమా ఓటీటీలో వస్తే ఇంట్లో చూశాను. ఆ తల్లి గంప ఎత్తుకుని మొదటి సీన్లోనే వస్తుంది. ఇంకొంచెం ముందు దీపాలు ఆర్పి ఉంటే చాలు. బాధేసింది, ఆపై చూడలేక కట్టేశాను.

నేను నేర్చుకున్నది ఇంతే. సన్మానసభలో సినిమా ముందు వేయాలి, శాలువాలు తరువాత కప్పాలి. శాలువాకు గడువు లేదు.