రెండో పేజీ చివరి వరుస

కరోనాకు రెండేళ్ల ముందు నేను పాకాలలో లైసెన్సు దస్తావేజు లేఖరిగా ఉండేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. కంప్యూటర్ యాభై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. ఆఫీసులో రెండు మిషన్లు. నా దాంట్లో పాత తెలుగు సాఫ్ట్‌వేర్. ఆపరేటర్ బాలాజీ మిషన్లో తిరుపతి నుంచి ఒకాయన తెచ్చిన కొత్తది, కొనేముందు చూడమని పెట్టిపోయినాడు. దాని గొప్పలు అక్షరాలకు నీడ, అంచుకు పూలతీగ. ఆస్తి కాగితానికి పూలతీగ ఎందుకో ఆయన చెప్పలేదు.

ఆ వారమే మునెప్ప అనే రైతు కూతురు కామాక్షమ్మకు రెండెకరాల మెట్ట, బావిలో సగం వాటా రాసివ్వడానికి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనకు ఎనభై రెండు. ఎముక విరిగిన కుడిచేతికి పుత్తూరు కట్టు. నాలుగు పేజీల దస్తావేజు నా మిషన్లో కొట్టాను. ప్రతి పేజీలో ఎడమ బొటనవేలి ముద్ర వేయించాక, రెండో పేజీలో సర్వే నంబరు ఒక అంకె తప్పని తేలింది.

ముసలాయనతో అన్నిటిలోనూ మళ్ళీ ముద్ర ఎందుకని, మా వృత్తిలో అందరూ చేసే పనే చేశాం: ఆ ఒక్క పేజీ మార్చడం. నా మిషన్ ప్రింటర్ మొరాయించడంతో బాలాజీ ఫైలును తన మిషన్లో తెరిచి, అంకె దిద్ది, రెండో పేజీ మాత్రం ప్రింటు తీశాడు. నేనూ సరేనన్నాను. ముద్ర పడింది.

సబ్ రిజిస్ట్రార్ ముందుకు పోయేముందు రాసిచ్చేవారికి మొత్తం చదివి వినిపించడం నా పద్ధతి.

"పొద్దున్నే సదివినారు గదా సార్, ఇంగా పరీక్ష రాయాల్నా?" అన్నాడు బాలాజీ.

పట్టించుకోకుండా చదివాను. చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, అయి మూడో పేజీకి పోగానే కామాక్షమ్మ చేయి అడ్డం పెట్టింది.

"అన్నీ సదివినావు సామీ, బావి యాడ?"

"ఆడనే ఉండాది, యాడికి పోతాది," అన్నాడు మునెప్ప.

"బూమిలో ఉండాది నాయనా. కాయితంలో లేదు."

నిజమే. కొత్త సాఫ్ట్‌వేర్‌లో అక్షరం ఒక పిసరు పెద్దది. రెండో పేజీ చివరనున్న బావి వరుస మూడో పేజీలోకి జారింది. మా దగ్గరున్న మూడో పేజీ పాతది, దాని తర్వాతి వరుసతో మొదలవుతుంది. బావి ఎందులోనూ లేదు. నీళ్ల హక్కు లేకుండా ఆ మెట్ట చేతికొచ్చి ఆమె ఏం చేసుకుంటుంది? రిజిస్టరయ్యాక సవరణ దస్తావేజు రాయాలంటే మునెప్పే మళ్ళీ రావాలి. ఆ వయసులో దానికి పూచీ ఎవరు?

ప్రింటర్ బాగుచేయించి నాలుగు పేజీలూ ఒకే మిషన్లో తీశాను. మునెప్ప నాలుగు ముద్రలూ మళ్ళీ వేశాడు. "వేలు అరిగిపోతాదప్పా," అన్నాడంతే. ఆ మధ్యాహ్నమే రిజిస్టరయింది.

సాఫ్ట్‌వేర్ తెచ్చిన తిరుపతి ఆయన తిరిగొచ్చినప్పుడు ఒకటే అడిగాను: ఈ మిషన్లో పేజీ తెగిన చోటే ఆ మిషన్లోనూ తెగుతుందా అని. ఆయన ఇంకో పూలతీగ చూపించాడు. పంపించేశాను. సాదా సాఫ్ట్‌వేర్ ఒకటి, ఒకే ఫాంటుతో రెండింటిలోనూ వేయించి, పీడీఎఫ్ చేశాకే ప్రింటు తీయాలని నియమం పెట్టాను.

నేర్చుకున్నది ఇంతే. సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు పేజీ చివరి వరుస చూడాలి. ఒక్క పేజీ మార్చే అలవాటు ఎంత పాతదైనా తప్పే. ఆ రోజు తప్పును పట్టింది సాఫ్ట్‌వేరూ కాదు, నేనూ కాదు. తన బావి కోసం విన్న మనిషి.