వదలడం నేర్పని కుక్క

శనివారం నాడు కుక్కలకు తర్ఫీదిచ్చే మనిషి ఇంటికి వస్తున్నాడని కొడుకు సుభాష్ చెప్పినప్పటి నుంచి హన్మంతుకు అన్నం సహించడం లేదు.

భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్ల వెనక రేకుల ఇళ్ల వరుసలో ఉంటారు వాళ్లు. సుభాష్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టు కింద టిప్పర్ నడుపుతాడు. పోయిన నెలలో పట్టపగలే ఎదురింటి బీరువా పగలగొట్టారు. అప్పటి నుంచి అతని కన్ను భూరి మీద పడింది. భూరి వాళ్లింటి కుక్క. ఎనిమిది నెలలది, ఎవరొచ్చినా తోక ఊపుతుంది.

"దొంగొస్తే చెయ్యి తుడుసుకొమ్మని తువ్వాల కూడ అందిస్తది గిది" అన్నాడు సుభాష్. "నువ్వు గుత్తేదారు దగ్గర నాలుగు కుక్కలు సాకినోడివి గదా బాపూ. ఊరోళ్ల కుక్కలకు నేర్పినవ్, మనింటి దానికి ఎందుకు నేర్పవ్?"

హన్మంతు ఆ కుక్కలకు ఎట్లా నేర్పాడో ఇంట్లో చెప్పలేదు. ఆరేళ్లుగా చెప్పలేదు.

మొగుళ్లపల్లి దిక్కున ఉన్న తండా నుంచి అతను గని పక్కన భూమి కొనుక్కుని వచ్చినవాడు. ఆ మూడెకరాలూ గని కింద పోయాయి. భూమి పోయినవాడికి దొరికిన కొలువు ఏమిటంటే, ఒక గుత్తేదారు బొగ్గు యార్డులో కుక్కలకు తిండి పెట్టడం, వాటికి కరవడం నేర్పడం. ఎవరిని కరవాలి? యార్డు అంచున రాలిన బొగ్గును పొయ్యిలోకి ఏరుకుపోయే ఆడవాళ్లను. గుట్టలు గుట్టలుగా బొగ్గు తవ్వుకుపోయేవాడు యజమాని. గంపెడు ఏరుకున్నది దొంగ. ఆ గంపలవాళ్లలో చాలామంది పొలాలు కూడా ఆ గోతిలోనే ఉన్నాయి.

తర్ఫీదు పద్ధతి తేలికైనదే. గోనెసంచిలో గడ్డి కుక్కి మనిషి బొమ్మ చేసి, తాడుతో లాగుతారు. కుక్క దూకి పట్టుకోవాలి. ఎంత గట్టిగా పడితే అంత పెద్ద మాంసం ముక్క. వదలమని చెప్పే మాట మాత్రం నేర్పొద్దన్నాడు సూపర్‌వైజరు, ఆ మాట దొంగకు తెలిస్తే ఎట్లా అని. బొమ్మకు తొడగడానికి పాత బట్టలేవైనా తెమ్మన్నాడు. గోనె రెండు రోజుల్లో చిరిగిపోతోంది. చనిపోయిన తల్లి పేటియా ఇంట్లో ఉంది. అద్దాలు కుట్టిన లంబాడీ గాగ్రా. మందపాటి గుడ్డ, చాలాకాలం ఆగుతుందని తెచ్చి తొడిగాడు. అంతకు మించి ఆలోచించలేదు.

కుక్కలు అద్దాల చప్పుడు నేర్చుకున్నాయి.

ఒక మధ్యాహ్నం గంపతో వచ్చింది తుల్సీబాయి. హన్మంతు పెదనాయన బిడ్డ, వరసకు అక్క, అప్పట్లో గని పక్కనే ఉండేది. ఆమె కట్టిన పేటియా అద్దాలు గలగలమన్నాయి. యార్డు కంచె తీగ అవతల నుంచి హన్మంతు పరుగెత్తి వచ్చేసరికే ఆమె ముంజేయి కుక్క నోట్లో ఉంది. "ఇడువ్, ఇడువ్" అని అరిచాడు. దానికి ఆ మాట తెలియదు. చెయ్యి అట్లాగే పట్టుకుని, అతన్ని చూసి తోక ఊపింది. మాంసం ముక్క కోసం.

దొంగతనం కేసు తుల్సీబాయి మీదే పెట్టారు. ఆమె కుడిచేతి మూడు వేళ్లు ఇప్పటికీ ముడవవు. హన్మంతు కొలువు మానేశాడు. పేటియా సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఆడుతుంటే అద్దాల చప్పుడుకు లేచి బయటికి పోతాడు. భూరి తోక ఊపితే ముఖం తిప్పుకుంటాడు. కుక్కంటే చిరాకేమోననుకుంటారు ఇంట్లో.

శుక్రవారం ఆ తర్ఫీదు మనిషి ఫోన్ చేసి, బొమ్మకు తొడగడానికి ఇంట్లో ఎవరూ కట్టని పాత బట్టలు సిద్ధంగా ఉంచమన్నాడు. భార్య ద్వాళి పెట్టె తెరిచింది. పట్నం వచ్చాక ఆమె చీరలే కడుతోంది. తన పేటియా తీసి వాకిట్లో దులిపింది. ఆ చప్పుడుకు భూరి ఆటగా దూకి అంచు పట్టుకుంది. పట్టుకుని, హన్మంతు వైపు చూసింది.

"ఇడువమను, ఇడువమను" అని అతను అరిచాడు. అక్కడే, ఎండలో, భార్యకూ కొడుక్కూ అంతా చెప్పాడు.

"మరి ఇంటికి కావలి ఎట్ల?" అన్నాడు సుభాష్. మెల్లగానే అడిగాడు.

"మొరిగితె చాలదా. పిలిస్తె రావాలె, ఇడువంటె ఇడువాలె. నేనే నేర్పుత."

సుభాష్ ఫోన్ తీసి, రావద్దని చెప్పాడు. ద్వాళి పేటియా మడత పెడుతూ మొగుడి ముఖం చూడకుండా అంది: "నాకు చెప్పి ఏం లాభం? తుల్సక్కకు చెప్పినవా?"

ఆదివారం భూరిని ఆటోలో ఎక్కించుకుని, అక్క తిరిగి వెళ్లిపోయిన తండాకు పోయాడు. తుల్సీబాయి పేటియా కట్టుకుని వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో మిరపకాయల తొడిమలు తీస్తోంది. కుక్కను చూసి ఆమె చెయ్యి ఆగింది. అతను దూరంగా వేపచెట్టుకు దాన్ని కట్టి వచ్చి, నిలబడే చెప్పాడు. ఎవరి పేటియానో, ఎవరు తెచ్చారో.

"నాకెర్కనే" అంది ఆమె. "సచ్చిపోయిన మీ యాడి పేటియా ఆ బొమ్మకుండంగ తీగ సందులకెల్లి చూసిన. నువ్వొచ్చి చెప్తవని చూసిన. ఇన్నేండ్లు పట్టింది నీకు."

ఆమె వేపచెట్టు వైపు చూసింది.

"గిప్పుడు గీ కుక్క ఎందుకు?"

అద్దాల బట్ట చూసినా ఎగబడకుండా, పట్టుకున్నది చెబితే వదిలేలా దీనికి నేర్పాలని, పేటియా కట్టే పెద్దవాళ్లు తండాలోనే మిగిలారని గొణిగాడు. నువ్వు అవతలికి పొమ్మంటే పోతానన్నాడు. ఆమె చేతిలో ఉన్న మిరపకాయ తొడిమ తీసి పక్కన పెట్టింది. తర్వాత లేచి, కుడిచెయ్యి కొంగు కిందికి తీసుకుని, చెట్టుకు ఇరవై అడుగుల దూరాన నిలబడింది.

"నేర్పు. చూస్త."

హన్మంతు తన తువ్వాలు అందించాడు. భూరి పట్టుకుంది. "ఇడువ్" అన్నాడు. అది వదలలేదు. అతను లాగలేదు, కొట్టలేదు, తువ్వాలు కొస పట్టుకుని ఊరికే కదలకుండా నిలబడ్డాడు. చెమట కళ్లలోకి కారింది. తుల్సీబాయి కూడా కదలలేదు. ఎంతసేపటికో దానికి విసుగొచ్చి దవడ సడలించింది. తువ్వాలు మట్టిలో పడింది. జేబులోంచి జొన్నరొట్టె ముక్క తీసి పెట్టాడు.

తుల్సీబాయి కొంగు కింది చెయ్యి బయటికి తీయలేదు.

"ఒక్కసారికి ఏం తెలుస్తది" అంది. "మళ్ల అను."