టెక్కలి దారి పట్టిన వ్యాన్

పలాసలో మా ఆఫీసు అంటే రెండు గదులు, ఒక కంప్యూటర్, వీధిలో నిలబెట్టిన రెండు వ్యాన్లు. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను డయాలసిస్‌కి తీసుకొచ్చి, అయ్యాక ఇళ్ళ దగ్గర దించడం మా పని. ఏ రోజు ఎవరి వంతో ప్రోగ్రాం చూసుకుంటుంది. ముందురోజు సాయంత్రం రోగులకు మెసేజ్ వెళ్తుంది, పొద్దున్నే డ్రైవర్ల ఫోన్లకు ఊళ్ళ పేర్లు వెళ్తాయి. ఆ ప్రోగ్రాం బాగోగులు చూసేది నేనూ, నౌపడ నుంచి రోజూ వచ్చే నా సహోద్యోగీ. మా మేనమామది కంచిలి దగ్గర ఊరు. ఆయనా మా వ్యాన్ ఎక్కేవాడే.

తుపానుకి కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డం పడి మామకి ఒక వంతు ఎలాగూ పోయింది. కాళ్ళు వాచాయి, ముఖం ఉబ్బింది. రెండోది కూడా తప్పితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పేశాడు. ఈలోగా రోడ్డు బాగయింది. మెసేజ్ వెళ్ళినా ఆగక నేను ఫోన్ చేసి మరీ చెప్పాను, రేపు బండి వస్తుంది మామా, రోడ్డు మీదికి వచ్చి ఉండు అని.

తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చిందట. కంప్యూటర్ తనంతట తనే లేచి ప్రోగ్రాంని మొదలుపెట్టింది. నేను వెళ్ళేసరికి అంతా సవ్యంగానే నడుస్తున్నట్టుంది. కాసేపటికి డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అమ్మా, టెక్కలి కాడికొచ్చినాను. ఇక్కడ మనోళ్ళెవులూ లేరంతన్నారు. ఏటి సెయ్యమంతారు?"

"కంచిలి వెళ్ళాల్సినవాడివి టెక్కలి ఎందుకెళ్ళావయ్యా?"

"ఫోన్లో అలాగే వొచ్చింది గదమ్మా."

మామకి ఫోన్ చేశాను. మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

"గట్టు మీద కూకున్నానమ్మా. వత్తంది గదా బండి."

"ఇంతసేపూ ఫోనెందుకు చెయ్యలేదు మామా?"

"నువ్వు సెప్పినావు గదా, వత్తాదని."

కంచిలిలో తెలిసిన ఆటో అతన్ని పరుగున పంపాను, మిగతావాళ్ళ కోసం వ్యాన్లను వెనక్కి మళ్ళించాను. మామను పలాస తీసుకొచ్చేసరికి కూర్చోలేకపోతున్నాడు. ముందు ఆక్సిజన్ పెట్టారు, తర్వాత మెషిన్‌కి కలిపారు. బయట బల్ల మీద కూర్చుని నేను ఒకటే అనుకున్నాను, ఈయన పోతే నా మాట నమ్మి పోయినట్టే. సాయంత్రానికి గండం గడిచిందన్నారు. అప్పుడు ఆఫీసుకి వెళ్ళి, నా సహోద్యోగితో కలిసి ఏం జరిగిందో వెతికాను.

ప్రోగ్రాంని మొదలుపెట్టడానికి వరసగా ఆదేశాలు రాసిపెట్టిన ఒక చిన్న స్క్రిప్ట్ ఉంటుంది. ఏ ఫైల్లోని ఊళ్ళు తీసుకోవాలో ప్రోగ్రాం లోపల రాయం, మొదలయ్యేటప్పుడు బయటినుంచి అందిస్తాం. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు దాన్ని. మేం చేత్తో మొదలుపెడితే మా లాగిన్‌లో ఆ విలువ, అంటే ఫైలు పేరు, ఉంటుంది, అందుతుంది. కంప్యూటర్ తనే మొదలుపెట్టినప్పుడు ఎవరి లాగిన్నూ లేదు. విలువ ఖాళీ. ఖాళీగా ఉంటే, పని నేర్చుకోవడానికి పెట్టుకున్న నమూనా ఫైలు వాడమని స్క్రిప్ట్‌లో ఒక లైను. ఆ నమూనాలో అన్నీ టెక్కలి పక్క ఊళ్ళే.

"ఎవరు రాశారీ లైను?"

"నేనే అక్కా. ఆగిపోతే బాగోదనీ... ఏదో ఒకటి నడుత్తాది గదాని."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆగిపోయుంటే పొద్దున్నే కనబడేది కదయ్యా! డ్రైవర్‌కి నోటితో చెప్పి పంపేదాన్ని. ఏదో ఒకటి నడవబట్టే మామ అక్కడ గట్టు మీద కూర్చున్నాడు."

ఇద్దరం కూర్చుని ఆ లైను తీసేశాం. విలువలన్నీ ఒక ఫైల్లో పెట్టి, మనిషి మొదలుపెట్టినా మెషిన్ మొదలుపెట్టినా స్క్రిప్ట్ అక్కడినుంచే చదివేలా మార్చాం. మెసేజ్‌లు పంపే పాస్‌వర్డ్ కూడా అందులోనే ఉంటుంది కాబట్టి ఇంకెవరూ తెరవకుండా కట్టడి చేశాం. ఒక్క విలువ లేకపోయినా ప్రోగ్రాం మొదలవకూడదు. ఏది లేదో చెప్పి ఆగిపోవాలి, మా ఫోన్లు మోగాలి. ఆయన కావాలని ఒక విలువ చెరిపేసి కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాడు. ప్రోగ్రాం మొదలవలేదు. ఇద్దరి ఫోన్లూ మోగాయి. ఆయన ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఇంక తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆ తర్వాత వ్యాన్ ఎప్పుడూ దారి తప్పలేదు. మామ మాత్రం దానికోసం చూడడం మానేశాడు. వంతుకి ముందురోజే పాసింజరు రైలెక్కి పలాస వచ్చేస్తాడు, ఆస్పత్రి వరండాలో దుప్పటి పరుచుకుంటాడు. మా ఇంటికి రమ్మన్నా రాడు, పొద్దున్నే ఇక్కడుంటే ధైర్యమంటాడు. ఒక సాయంత్రం వెళ్ళి పక్కన కూర్చున్నాను. చలికి ముడుచుకుని ఉన్నాడు.

"అంతా సరిచేశాం మామా. ఇప్పుడు తప్పకుండా వస్తుంది. ఈ సిమెంటు నేల మీద నీకెందుకీ బాధ?"

మామ నా చెయ్యి పట్టుకున్నాడు. కోపమేమీ లేదు ఆయనకి.

"వత్తాదమ్మా. రాదని నేనంతన్నానేటి? ఆ రోజు కూడా వత్తాదనే కూకున్నాను."